జిమ్ ట్రైనర్లకి ఒక బహిరంగ లేఖ: పెంచడం నేర్పారు, నిలుపుకోవడం కూడా నేర్పండి

జిమ్ ట్రైనర్లకీ, ఆన్‌లైన్‌లో కోచింగ్ ఇచ్చేవాళ్ళకీ నమస్కారం.

ముందే చెప్పేస్తున్నా, ఇది మీ మీద కోపంతో రాస్తున్న లెటర్ కాదు. బరువులెత్తడం అంటే నాకు ప్రాణం, ఏళ్ళ తరబడి ఎత్తాను, ఇప్పుడూ ఎత్తుతున్నాను, ఓపికున్నన్నాళ్ళూ ఎత్తుతాను. బార్ ఎలా పట్టుకోవాలో, స్క్వాట్‌లో కిందికి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి పడిపోకుండా ఎలా చూసుకోవాలో విసుక్కోకుండా నేర్పింది మీలాంటి ట్రైనరే. ఆ గౌరవంతోనే ఒక్కటి అడుగుదామని రాస్తున్నా. కండ ఎలా పెంచాలో మీరు మాకు బాగా నేర్పారు. పెరిగాక దాన్ని ఎలా నిలుపుకోవాలో, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు తగ్గించాలో మాత్రం ఎవరూ నేర్పట్లేదు. అది కూడా మీరే నేర్పాలి.

మిమ్మల్నే ఎందుకు అడుగుతున్నానంటే, బాడీబిల్డింగ్ పిచ్చి బాగా తలకెక్కిన మనిషి ఇంకెవ్వరి మాటా వినడు. ఇంట్లోవాళ్ళు చెప్తే వీళ్ళకి ఫిట్‌నెస్ గురించి ఏం తెలుసులే అనుకుంటాడు, ఫ్రెండ్స్ చెప్తే కుళ్ళు అనుకుంటాడు, డాక్టర్ చెప్తే ఈయన జీవితంలో ఒక్కసారైనా డెడ్‌లిఫ్ట్ చేశాడా అనుకుంటాడు. ట్రైనర్ చెప్తే మాత్రం అది వేదవాక్కు. పైగా ఆ మనిషి రోజూ ఎక్కువసేపు కనిపించేది మీకే, ఏం తేడా వచ్చినా మొదట తెలిసేది మీకే.

మీ జిమ్‌లో ఇప్పుడు కూడా అలాంటోళ్ళు ఒకరిద్దరు ఉండే ఉంటారు, గుర్తుపట్టడం కష్టమేం కాదు. జ్వరమొచ్చినా వస్తాడు, పొద్దున వచ్చి సాయంత్రం మళ్ళీ వస్తాడు, ఎంత ఉక్కపోతగా ఉన్నా హుడీ తియ్యడు ఎందుకంటే తన చేతులు సన్నగా కనిపిస్తాయని భయం, అవతలోళ్ళు ఆ చేతుల్ని చూసి ఆశ్చర్యపోతున్నా సరే. సెట్టు అవగానే అద్దం దగ్గరికెళ్ళి పక్కకి తిరిగి, చొక్కా చెయ్యి భుజం మీదకి లాగి చూసుకుని, లైట్ కిందకి ఒక అడుగు జరిగి మళ్ళీ చూసుకుని, చెయ్యి దించేస్తాడు. ఆ టైంలో మొహం గమనించండి, సంతోషం ఉండదు. పొద్దున వెయింగ్ మెషీన్ మీద 200 గ్రాములు తగ్గి కనిపిస్తే ఆ రోజంతా పాడైపోతుంది. ఎవరైనా భోజనానికి పిలిస్తే వెళ్ళడు, వెళ్ళినా తన డబ్బా తనే పట్టుకెళ్తాడు, ఊరెళ్ళాల్సొస్తే ముందు అక్కడ జిమ్ ఉందో లేదో చూసుకుంటాడు, లేదంటే ప్రయాణమే మానుకుంటాడు. మీరేమో అతన్ని పదిమంది ముందు నిలబెట్టి డెడికేషన్ అంటే ఇలా ఉండాలి అని మెచ్చుకుంటారు.

మీరు మెచ్చుకునేది మంచి ఉద్దేశంతోనే, నాకు తెలుసు. కానీ ఈ లక్షణాలన్నీ ఒకచోట కనిపిస్తే దానికి వైద్యంలో పేరుంది. 1993లో హారిసన్ పోప్ అనే సైకియాట్రిస్టు, ఆయన టీమ్ బాడీబిల్డర్ల మీద స్టడీ చేసి దీన్ని రివర్స్ అనోరెక్సియా అన్నారు, అంటే అనోరెక్సియాలో బక్కచిక్కిపోయిన మనిషి నేను లావుగా ఉన్నా అనుకున్నట్టు ఇక్కడ దిట్టంగా ఉన్న మనిషి నేను బక్కగా ఉన్నా అనుకుంటాడు. 1997లో మజిల్ డిస్‌మార్ఫియా అని పేరు మార్చారు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5, అదే మానసిక వైద్యులు రోగనిర్ధారణకి వాడే పుస్తకం, దీన్ని బాడీ డిస్‌మార్ఫిక్ డిజార్డర్‌లో, అంటే తన శరీరంలో ఏదో లోపం ఉందని అదే పనిగా బాధపడే జబ్బులో, ఒక రకంగా చేర్చింది, ఓసీడీకి, అంటే ఒకే ఆలోచన, ఒకే పని వదలకుండా పట్టుకునే జబ్బుకి, దగ్గరి జబ్బుల వరసలో పెట్టింది. దీనికి ట్రీట్‌మెంట్ ఉంది, మాటల ద్వారా ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ చేస్తారు, అవసరాన్ని బట్టి మందులిస్తారు. మీరు డాక్టర్లు అవ్వక్కర్లేదు, పేరు పెట్టి జబ్బని చెప్పక్కర్లేదు. "ఈ మధ్య నువ్వు సంతోషంగా లేవనిపిస్తోంది, ఒకసారి ఎవరితోనైనా మాట్లాడు" అని మీ నోటి నుంచి ఒక్క మాట వస్తే చాలు, అది ఇంట్లోవాళ్ళు ఏడాదంతా చెప్పినదానికన్నా గట్టిగా పనిచేస్తుంది.

నేను చూసిన ఒక సంగతి చెప్తా. ఒక కుర్రాడు, భుజం దెబ్బతింది, చెయ్యి పైకి లేవట్లేదు, టీషర్ట్ విప్పాలంటే రెండో చేత్తో మెడ దగ్గర పట్టుకుని ముందుకి వంగి లాక్కోవాల్సొస్తోంది, అలా ఉండి కూడా బెంచ్ మీద పడుకున్నాడు. ట్రైనర్ వెనకాల నిలబడి "నొప్పి ఓర్చుకుంటేనే సైజ్ వస్తది తమ్ముడూ, ఒక్క సెట్టు" అన్నాడు. కుర్రాడు చేశాడు. బార్ దించాక లేచి కూర్చుని ఎడమచేత్తో కుడిభుజం పట్టుకుని కాసేపు అలాగే ఉన్నాడు, ఆ తర్వాత ఇంకో రెండు ప్లేట్లు తెచ్చుకోడానికి లేచాడు. ఆ ట్రైనర్ చెడ్డోడేం కాదు, తనకి వాళ్ళ ట్రైనర్ అదే చెప్పుంటాడు.

అన్ని నొప్పులూ ఒకటి కాదు కదండీ. కొత్త ఎక్సర్‌సైజ్ చేసిన మర్నాడు, ఆ మర్నాడు కండ మొత్తం పచ్చిపుండులా ఉంటుంది, నొక్కితే నొప్పి, మూడ్నాలుగు రోజుల్లో అదే పోతుంది, దానికి భయపడక్కర్లేదు. కీలు దగ్గర ఒకేచోట పొడిచినట్టుండేది, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోనివ్వనిది, వార్మప్ చేసినా తగ్గనిది, వారాలైనా పోనిది, అది వేరే. కండకన్నా టెండన్, అంటే కండని ఎముకకి కట్టి ఉంచే తాడు లాంటిది, నిదానంగా గట్టిపడుతుంది, అందుకే కుర్రాళ్ళకి బలం తొందరగా వచ్చేసి బరువులు పెంచేస్తారు, టెండన్ ఇంకా ఆ బరువుకి రెడీ అయ్యుండదు. ఇంకోటి, విపరీతంగా చేయించిన తర్వాత యూరిన్ టీ డికాషన్ రంగులో వచ్చిందంటే అది రాబ్డోమయోలిసిస్ అవ్వొచ్చు, కండ కరిగి రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతుంది, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. ఈ తేడాలు ప్రతి కొత్త మెంబర్‌కీ మొదటి వారంలోనే చెప్పండి. చెప్పడానికి పది నిమిషాలు కూడా పట్టదు.

ఇప్పుడు గోడల మీద ఉండే ఫోటోల సంగతి. ఆ కట్స్, ఆ నరాలు, ఆ పొట్ట, అదంతా ఏడాదిలో ఒకటి రెండు రోజులుండే శరీరం, అది మీకు తెలుసు, మాకు తెలీదు. 2013లో అచ్చయిన ఒక కేస్ స్టడీ ఉంది, మందులేం వాడని ఒక నేచురల్ బాడీబిల్డర్‌ని కాంపిటీషన్‌కి ముందు 6 నెలలు, తర్వాత 6 నెలలు గమనించారు. బాడీ ఫ్యాట్ 14.8 శాతం నుంచి 4.5కి దిగింది, ఫోటోలో చూసేవాళ్ళకి అదే కనిపిస్తుంది. కనిపించనిది ఏంటంటే మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ మిల్లీలీటర్‌కి 9.22 నానోగ్రాముల నుంచి 2.27కి పడిపోయింది, ఖాళీగా కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి 53 సార్లు కొట్టుకునేది 27కి వచ్చింది, బలం తగ్గింది, మూడ్ బాగా దెబ్బతింది. కాంపిటీషన్ అయిపోయి తిండి పెరిగాక హార్మోన్ వెనక్కొచ్చింది, బలం మాత్రం ఆర్నెల్లకి కూడా పూర్తిగా రాలేదు. అంటే స్టేజ్ మీద అందరికన్నా బలంగా కనిపించే రోజున ఆ మనిషి తన జీవితంలోనే బాగా నీరసంగా ఉన్న రోజుల్లో ఒకటి గడుపుతున్నాడు. ఇది ఒక్క మనిషి లెక్కే, కానీ కటింగ్‌లో, అంటే కొవ్వు కరగడానికి తిండి తగ్గించే రోజుల్లో, లోతుకి వెళ్ళినవాళ్ళని ఎవర్నైనా అడగండి, చలి, నిద్రలేమి, ఊరికే చిరాకు, కోరిక చచ్చిపోవడం, ఇవే చెప్తారు.

తిండి గురించి ఇరవైనాలుగ్గంటలూ ఆలోచించడం కూడా కమిట్‌మెంట్ అనుకుంటాం. 1944, 45లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యంగా ఉన్న మగాళ్ళని 24 వారాలు అర్ధాకలితో ఉంచి చూశాడు, యుద్ధంలో ఆకలితో మాడిపోయినవాళ్ళకి మళ్ళీ తిండి ఎలా పెట్టాలో తెలుసుకోడానికి. వాళ్ళు బాడీబిల్డర్లు కాదు, అద్దం పిచ్చి అసలే లేదు. అయినా కొన్ని వారాలయ్యేసరికి వంట పుస్తకాలు చదువుకుంటూ కూర్చునేవాళ్ళు, తిండి గురించి కలలు కనేవాళ్ళు, మనుషులకి దూరమైపోయారు. మరి కటింగ్‌లో ఉన్న కుర్రాడు అర్ధరాత్రి ఫోన్‌లో వంట వీడియోలు చూస్తున్నాడంటే విల్ పవర్ తక్కువయ్యి కాదు, శరీరం ఆకలితో ఉంది అంతే. దయచేసి తిట్టకండి, తిండి పెంచమని చెప్పండి. అమ్మాయిల విషయంలో అయితే ఇంకా జాగ్రత్త కావాలి, కష్టానికి తగ్గ తిండి లేక పీరియడ్స్ ఆగిపోతే అది ఫిట్‌నెస్ పెరిగిన గుర్తు అస్సలు కాదు, ఎముకలు పలచబడటం మొదలవుతుంది, అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టి మగాళ్ళకి కూడా వస్తుందని చెప్పింది.

కండ కోసం వేసుకునే స్టిరాయిడ్ ఇంజెక్షన్ల గురించి మాట్లాడకుండా ఈ లెటర్ పూర్తవ్వదు. అది మన మధ్య అందరికీ తెలిసిన విషయమే, ఎవరూ గట్టిగా మాట్లాడరు అంతే. నేచురల్‌గా వచ్చేది ఆగిపోయిందనిపించిన రోజున ఎవడో ఒకడు చెవిలో "ఒక్క సైకిల్ చెయ్, ఏం కాదు" అంటాడు, సైకిల్ అంటే కొన్ని వారాల పాటు వరసగా స్టిరాయిడ్స్ వాడటం. ఏం కాదు అనేదే అబద్ధం. బయట్నుంచి టెస్టోస్టిరాన్ వస్తుంటే లోపల తయారీ ఆగిపోతుంది, వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు పడిపోతాయి, ఆపేశాక తిరిగి రావడానికి నెలలు, కొందరికి ఏళ్ళు. మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, రక్తం చిక్కబడుతుంది, గుండె గోడ మందమవుతుంది. డెన్మార్క్‌లో ఫిట్‌నెస్ సెంటర్లలో డోపింగ్ టెస్టులు చేస్తారు, వాటిలో స్టిరాయిడ్స్‌కి దొరికిన 1,189 మంది మగాళ్ళని సగటున 11 ఏళ్ళు గమనించి 2024లో రిపోర్ట్ ఇచ్చారు, అదే వయసు మామూలు మగాళ్ళతో పోలిస్తే వీళ్ళలో మరణాల రేటు 2.8 రెట్లు ఎక్కువ. ఆ తర్వాతి సంవత్సరం యూరోపియన్ హార్ట్ జర్నల్‌లో ఇంకోటి వచ్చింది, పోటీల్లో పాల్గొన్న 20,286 మంది మగ బాడీబిల్డర్ల లెక్క, అందులో తెలిసిన మరణాలు 121, వాటిలో 38 శాతం గుండె హఠాత్తుగా ఆగి, అందులోనూ ప్రొఫెషనల్స్‌కి ఆ రిస్క్ అమెచ్యూర్ల కన్నా 5 రెట్లు పైనే. 1996లో ఆండ్రియాస్ మ్యూంట్సర్ అనే ఆస్ట్రియా బాడీబిల్డర్ చనిపోయినప్పుడు వయసు 31, అందరూ కొన్నాళ్ళు మాట్లాడుకున్నారు, తర్వాత మర్చిపోయారు. మీలో కొంతమంది వాడుంటారు, ఇప్పుడూ వాడుతుండొచ్చు, అది మీ శరీరం. మిమ్మల్ని అడిగేది ఒక్కటే, వాడి తెచ్చుకున్న శరీరాన్ని చూపించి వాడని కుర్రాడికి "నువ్వు సరిగ్గా కష్టపడట్లేదు" అని చెప్పొద్దు. ఆ ఒక్క మాటతోనే చాలామంది సూది పట్టుకుంటున్నారు.

రోనీ కోల్‌మన్ 1998 నుంచి 2005 దాకా వరసగా 8 సార్లు మిస్టర్ ఒలింపియా గెలిచాడు, తర్వాత వెన్నుకీ తుంటికీ లెక్కలేనన్ని ఆపరేషన్లు అయ్యాయి, పశ్చాత్తాపం లేదనే చెప్తాడు ఆయన. సరే, ప్రపంచంలో నంబర్ వన్ అయ్యాడు, ఆయన లెక్క ఆయనకి సరిపోయింది. డోరియన్ యేట్స్ 1992 నుంచి 97 దాకా 6 సార్లు గెలిచాడు, బైసెప్ తెగింది, ట్రైసెప్ తెగింది, దాంతో పోటీలు వదిలేశాడు, ఇప్పుడు యోగా, సైక్లింగ్ చేస్తున్నానని ఆయనే చెప్తాడు, శరీరం చిన్నదైంది, మనిషి బాగున్నాడు. కుర్రాళ్ళకి వీళ్ళ స్టేజ్ ఫోటోలు చూపిస్తున్నాం కదా, స్టేజ్ దిగాక ఏమైందో కూడా చూపించాలి. స్టేజ్ ఎక్కే ఆలోచనే లేని మనిషి, ఉద్యోగమో చదువో ఉన్న మనిషి, అంత నష్టం పెట్టి దేన్ని కొనుక్కుంటున్నాడు?

ఇప్పుడు అసలు నేను చెప్పాలనుకున్నదానికి వస్తా. తగ్గించాలనుకున్న మనిషిని ఆపేది ఒక్కటే భయం: మానేస్తే ఇన్నేళ్ళ కష్టం కరిగిపోతుంది. ఈ భయం ఉన్నంతకాలం ఎవరూ రెస్ట్ తీసుకోరు, తీసుకున్నా తప్పు చేసినట్టే ఉంటారు. కానీ నిలుపుకోడానికి కావాల్సింది చాలా తక్కువ, ఇది 2011లోనే తేల్చారు. 16 వారాలు వారానికి 3 రోజులు కాళ్ళ ఎక్సర్‌సైజులు చేయించి, తర్వాత 32 వారాలు కొందరికి ఆ పనిలో తొమ్మిదో వంతు మాత్రమే ఉంచారు, అంటే వారానికి ఒక్క రోజు, ఒక్కో ఎక్సర్‌సైజ్‌కి ఒక్క సెట్టు. 20 నుంచి 35 ఏళ్ళ వాళ్ళలో కండ సైజ్ నిలబడింది, బలం కూడా. 60 దాటినవాళ్ళకి సైజ్ నిలవడానికి అంతకన్నా ఎక్కువ కావాలి, బలం మాత్రం వాళ్ళకీ నిలిచింది. తొమ్మిదో వంతు! ఈ ఒక్క విషయం నాకు ముందే ఏ ట్రైనరైనా చెప్పుంటే ఎన్ని పండగలు, ఎన్ని ప్రయాణాలు, ఎన్ని నిద్రలు మిగిలేవో. ఇది జిమ్ గోడ మీద రాయాల్సిన విషయం.

తగ్గించిన మొదటి రెండు మూడు వారాలే చాలా కష్టం, అక్కడ మనిషికి మీ అవసరం చాలా ఉంటుంది. కండలో ఉన్న గ్లైకోజెన్, అంటే శక్తి కోసం దాచుకున్న పిండిపదార్థం, తగ్గుతుంది, ఒక్కో గ్రాముకి సుమారు 3 గ్రాముల నీళ్ళు పట్టుకునుంటాయి కాబట్టి ఆ నీళ్ళూ పోతాయి, క్రియాటిన్ అనే సప్లిమెంట్ ఆపితే ఇంకాస్త పోతాయి, అద్దంలో చూస్తే చేతులు ఫ్లాట్‌గా కనిపిస్తాయి. మనిషి అది చూసి చచ్చాన్రా అనుకుని మర్నాడే రెండు పూటలా మొదలెడతాడు. పోయింది కండ కాదు, నీళ్ళు, పంప్, అంటే ఎక్సర్‌సైజ్ చేసినప్పుడు కండలోకి రక్తం చేరి వచ్చే ఉబ్బు. అది ముందే చెప్పి పెట్టండి, "ఇదిగో ఇలా అవుతుంది, కంగారు పడకు" అని. ఒకవేళ నిజంగా తగ్గినా, ఒకసారి కట్టిన కండ తిరిగి రావడానికి మొదటిసారి పట్టినంత టైం పట్టదు.

మరి మిగిలిన టైంలో ఏం చెయ్యాలి అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ఉంది, పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు కాస్త ఊపిరి పెరిగేలా నడవడం లాంటిది, లేదా 75 నుంచి 150 నిమిషాలు గట్టిగా, దానికి తోడు వారానికి కనీసం 2 రోజులు కండరాల ఎక్సర్‌సైజ్. మన జిమ్‌ల్లో కార్డియో అంటే కండ తినేస్తుందనే మాట ఇంకా తిరుగుతోంది, దానివల్ల 100 కిలోల బెంచ్ కొట్టే మనిషి మూడంతస్తుల మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు. 2018లో లక్షా 22 వేల మందికి ట్రెడ్‌మిల్ టెస్ట్ చేసిన లెక్కలు అచ్చయ్యాయి, గుండె ఊపిరి దమ్ము ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువకాలం బతికారు. బరువుల విషయంలో కూడా 2022లో పాత స్టడీలన్నీ కలిపి చూస్తే వారానికి 30 నుంచి 60 నిమిషాల దగ్గరే లాభం ఎక్కువ కనిపించింది, ఆపైన పెంచితే ఆయుష్షు పెరిగినట్టు కనిపించలేదు. ఇష్టమైతే ఎక్కువ చెయ్యొచ్చు, నేనూ చేస్తా, కానీ ఆరోగ్యం కోసం అని చెప్పి రోజుకి మూడు గంటలు చేయించొద్దు. ప్రోటీన్ కూడా అంతే, కిలో బరువుకి రోజుకి 1.6 గ్రాములు దాటాక కండ విషయంలో సగటున పెద్ద లాభం కనిపించలేదు, డబ్బాలు అమ్మేవాళ్ళు ఎంత చెప్పినా.

మీరు చెయ్యగలిగినవి పెద్దవేం కాదు. కొత్తవాళ్ళని చేర్చుకునేటప్పుడు ఎంత బరువున్నావు, ఎంత అవ్వాలి అని రాసుకుంటారు కదా, దాని పక్కనే ఎన్ని గంటలు నిద్రపోతున్నావు, జిమ్ కాకుండా ఇంకేం ఇష్టం నీకు అని కూడా రాసుకోండి, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ అడగండి. ఆ రెండో గడి ఖాళీ అయిపోయిందంటే అక్కడ మాట్లాడాలి. ప్లాన్ ఇచ్చేటప్పుడే ప్రతి ఐదారు వారాలకీ ఒక తేలిక వారం అందులోనే రాసివ్వండి, ఎవరూ అడిగి తీసుకోరు, రాసుంటే చేస్తారు. ట్రాన్స్‌ఫర్మేషన్ ఫోటోలు పెడితే రెండేళ్ళ తర్వాత అదే మనిషి ఎలా ఉన్నాడో కూడా పెట్టండి. కండతో పాటు మెట్లు, నడక, నేల మీద నుంచి చేతులు ఆనించకుండా లేవడం, ఇవి కూడా కొలిచి మెచ్చుకోండి, మీరు ఏది మెచ్చుకుంటే మేము దాని వెనకే పరిగెడతాం.

ఆఖరుగా ఒకటి. రెండు మూడు వారాలు కనపడని మెంబర్ తిరిగొస్తే మొట్టమొదట వినిపించే మాట "ఏంటన్నా, మొత్తం కరిగిపోయావ్". సరదాగా అంటారు, కానీ ఆ మనిషి జ్వరంలో ఉన్నాడో, ఇంట్లో ఎవరికైనా బాలేదో, లేదంటే ఈ పిచ్చి తగ్గించుకుందామని కష్టపడి ఆగాడో మీకు తెలీదు. ఆ మాట అనకండి, పక్కవాళ్ళనీ అననివ్వకండి. బాగున్నావా అని అడగండి, ఆ రోజుకి సగం బరువులే వేయించి అరగంటలో ఇంటికి పంపించండి.

ఇట్లు,
మీ జిమ్‌లో ఒక పాత మెంబర్